ఆరు గంటల రెండు నిమిషాలు

“ఆ రెండు గంటలూ నా కూతురు ఎక్కడుందో చెప్పేదాకా ఈ ఇంట్లో పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టను,” అంది అత్తగారు.

అని ఊరుకుంటే బాగుండేది. కోడలు అందించిన గ్లాసును చేత్తో తోసేసింది. నీళ్ళు ఒలికి, గోడ వారగా ఉన్న పిచిక పాత చెప్పుల దాకా పాకాయి. తొమ్మిది రోజులుగా ఆ చెప్పుల జత అక్కడే ఉంది. తీసి లోపల పెట్టే ధైర్యం ఎవరికీ లేదు. కోడలు కొంగుతో తుడవబోయి, చెయ్యి వెనక్కి తీసుకుంది.

పిచిక ఆ ఇంటి ఆడపిల్ల. ఇరవై రెండేళ్ళది. నోరు మూయకుండా కిచకిచలాడేదని చిన్నప్పుడెవరో పెట్టిన పేరు కాస్తా అసలు పేరును మింగేసింది. వదినా మరదళ్ళిద్దరూ ఒకే బట్టల ఫ్యాక్టరీలో, ఒకే వరసలో, పక్కపక్క మిషన్ల మీద చొక్కాలు కుట్టేవారు. తొమ్మిది రోజుల కిందట పిచిక కడుపులో ఏదో పగిలి, ఆస్పత్రికి చేరేలోపే పోయింది. ఫ్యాక్టరీ గేటు బయట రోడ్డు మీద పడి ఉందని ఎనిమిది దాటాక కబురొచ్చింది.

నిన్న సాయంత్రం కంపెనీ నుంచి జాబు వచ్చింది. పిచిక అన్న ఇళ్ళకు రంగులు వేసే పెయింటరు. వేళ్ళకు అంటిన సున్నం తుడుచుకుంటూ దాన్ని తల్లికి చదివి వినిపించాడు. “పంచింగ్ కార్డు ప్రకారము మీ చెల్లెలు సాయంత్రం ఆరు గంటల రెండు నిమిషములకు పని ముగించుకొని వెళ్ళిపోయినది. తదుపరి జరిగినదానితో కంపెనీకి ఎట్టి సంబంధమును లేదు.”

ఆరూ రెండుకి వెళ్ళిపోయిన పిల్ల ఎనిమిదింటికి రోడ్డు మీద పడితే, నడుమ ఏమైనట్టు?

దానికి జవాబు వీధి కుళాయి దగ్గర అప్పుడే తయారైపోయింది. ఎవడో ఉండే ఉంటాడట. కడుపు నొప్పంటే అన్నీ ఒక రకం కడుపు నొప్పులా అని ఒకావిడ మూతి తిప్పిందట. చచ్చినవాళ్ళ కళ్ళు చారెడంటారు. పెళ్ళికాని పిల్ల పోతే మాత్రం చూసేవాళ్ళ కళ్ళే చారెడవుతాయి.

“అమ్మా, ఊళ్ళోవాళ్ళంటే సరే. నువ్వు కూడానా?” అన్నాడు పెయింటరు.

“నేననట్లేదురా. కార్డంటోంది.”

“కార్డుదేముందమ్మా, అట్టముక్క!”

“నోర్ముయ్! దాని కోసం నలభై ఒక్క రోజులు గేటు ముందు కూర్చున్నదాన్ని నేను. నాకు చెప్తావేంట్రా అట్టముక్కని?”

నిజమే. ఆవిడ నూలు మిల్లులో ఇరవై ఏళ్ళు దారాలు పేనింది. ఆ రోజుల్లో మిల్లుకి గడియారం మేస్త్రీ చేతికుండేది. పొద్దున పది నిమిషాలు ముందుకీ, సాయంత్రం పావుగంట వెనక్కీ నడిచేది. అంత తెలివైన గడియారం భూప్రపంచంలో ఇంకోటి ఉండదు. అడిగితే మేస్త్రీ, “నా మాట మీద నమ్మకం లేదా?” అనేవాడు. లేదు కాబట్టే ఆడవాళ్ళంతా గేటు ముందు బైఠాయించారు. మనిషి మాట మాకొద్దు, మిషను మాట కావాలి అన్నారు. అప్పుడావిడకు ఎనిమిదో నెల. కడుపులో ఉన్నది పిచికే. నలభై రెండో రోజున గోడకి, కార్డు దూరిస్తే దాని మీద టైము గుద్దే పంచింగ్ గడియారం బిగించారు. తను మొట్టమొదట కొట్టిన కార్డును ఆవిడ ఇప్పటికీ రేకు డబ్బాలో దాచుకుంది. దేవుడు అబద్ధమాడతాడేమో కానీ కార్డు ఆడదని ఆవిడ నమ్మకం.

“ఆ కాగితంలో మీ ఆవిడ టైమెంతుందో చదువు,” అంది ఉన్నట్టుండి.

పెయింటరు జాబుకు జతచేసిన జిరాక్సు కాగితం తిప్పాడు. ఆ వరసలో పనిచేసేవాళ్ళందరి టైములూ అందులో ఉన్నాయి. వేలితో వెతికి, తలెత్తకుండా చెప్పాడు.

“ఆరూ రెండు.”

“విన్నావా? ఒకే నిమిషం.” అత్తగారు కోడలి వైపు తిరిగింది. కంటి ఆపరేషనై నెల కూడా కాలేదు. మనిషి మసకగా తప్ప కనపడదు. కనపడకపోయినా ఆ చూపు సూటిగా వచ్చి తగిలింది. “ఇద్దరూ కలిసి బయటికొచ్చారు. నువ్వొక్కదానివే ఇంటికొచ్చావు. దాన్నెక్కడ వదిలావే? ఎవరితో పంపావు?”

“అత్తయ్యా...”

“నోట్లో నాలుక లేనట్టు నుంచోకు. నువ్వు దాని వదినవి. దాని గుట్టు నీకు తెలియకుండా ఉండదు.”

కోడలు మింగలేకా కక్కలేకా నిలబడింది. ఆ రెండు గంటలూ పిచిక ఎక్కడుందో ఆమెకు తెలుసు. మర్నాటి నుంచీ తెలుసు.

“ఫ్యాక్టరీకి టైమవుతోంది,” అని మాత్రం అంది.

పెయింటరు సందు మలుపు దాకా వెంట వచ్చాడు. రేపు పదింటికి లేబర్ ఆఫీసులో విచారణ. ఆమె కూడా రావాలి.

“నాకైనా చెప్పవే. మా చెల్లి అలాంటిది కాదు కదా?”

“కాదండీ.”

“నీకెలా తెలుసు?”

“తెలుసు.”

“మరి ఆ ముక్క అమ్మకి చెప్పడానికి నీకేం అడ్డమొచ్చింది?”

ఆమె వచ్చే ఏడుపును ఆపుకోవడానికి పెదవి కొరుక్కుంది. అతనది ఇంకోలా అర్థం చేసుకున్నాడో ఏమో, గిరుక్కున వెనుదిరిగి వెళ్ళిపోయాడు.

*

పిచిక మిషను మీద మూడో రోజే ఇంకో పిల్లను కూర్చోబెట్టారు. పాపం ఆ పిల్లకేమీ తెలియదు. పిచిక బొట్టుబిళ్ళ ఒకటి మిషను పక్కన అంటించి ఉంటే, గోకి పారేసింది. కోడలు అది కూడా చూస్తూ కూర్చుంది.

భోజనాల వేళ కాలరక్క వచ్చి పక్కన కూర్చుంది. పదహారేళ్ళుగా కాలర్లు కుట్టి కుట్టి ఆవిడకా పేరు స్థిరపడింది. వెనకాలే వరసలోని మిగతావాళ్ళూ వచ్చారు. మొత్తం తొమ్మిది మంది.

“రేపు ఏం చెప్తావే?” అంది కాలరక్క.

“తెలీదక్కా.”

“తెలీదంటే కుదరదు తల్లీ. నీ నోటి మీద మా తొమ్మిది పొయ్యిలున్నాయి.”

సంగతేమిటంటే, ఆ ఫ్యాక్టరీలో ఆరింటికి కార్డు కొట్టేస్తారు, పని మాత్రం ఎనిమిది దాకా చేస్తారు. ఆ రెండు గంటలు కాగితం మీద ఉండవు. లెక్క ప్రకారం పీసులు పూర్తికాలేదు కాబట్టి అది మీ బాకీ అంటాడు సూపర్‌వైజరు. గడియారమేమో కింద గేటు దగ్గరుంది. అందరూ దిగి, వరసలో నిలబడి, కార్డు కొట్టి, మళ్ళీ మెట్లెక్కి రావాలంటే పావుగంట పోతుంది. అందుకని వరసలో ఎవరైనా ఆ రోజు నిజంగా ఆరింటికి వెళ్తుంటే, మిగతావాళ్ళ కార్డులన్నీ వాళ్ళ చేతికిచ్చేవాళ్ళు. పేకముక్కల్లా బొత్తి పట్టుకుని దిగడం, టకటకా కొట్టేయడం, కార్డుల్ని గడియారం పక్కనున్న చట్రంలో దోపి వెళ్ళిపోవడం. ఏళ్ళుగా నడుస్తున్న ఆనవాయితీ అది. ఒకరికొకరు చేసుకునే సాయమనుకునేవారు. ఒకరి కార్డు ఇంకొకరు కొడితే ఉద్యోగం ఊడుతుందని గోడ మీద పెద్దక్షరాలతో రాసి ఉంది. ఆ రాత కిందే నిలబడి సూపర్‌వైజరు, “తొందరగా కొట్టి రండమ్మా” అనేవాడు.

ఆ రోజు బొత్తి కోడలి చేతిలో ఉంది.

“నిజం చెప్పావంటే మనందరం కార్డులు కొట్టించుకున్నామని ఒప్పుకున్నట్టే కదే,” అంది గుండీల పిన్ని. గుండీలు కుట్టే ఆవిడ, వయసులో పెద్దది. “కొట్టినదానికీ శిక్షే, కొట్టించుకున్నదానికీ శిక్షే. మా ఇంట్లో మంచం మీదున్న మనిషికి మందులెవరు తెస్తారు?”

“మరి పిచిక సంగతి, పిన్నీ? మా అత్తయ్య ఏమనుకుంటోందో తెలుసా?”

అందరూ తలలు దించుకున్నారు. ఎందుకు తెలియదు? వాళ్ళే పిచికను మోసుకెళ్ళింది. ఆరున్నరకి కడుపు పట్టుకుని పిచిక కిందికి దిగిందట. కాపలావాణ్ణి గేటు తియ్యమందట. అతను చట్రంలో కార్డు తీసి చూశాడు. “నువ్వు ఆరింటికే వెళ్ళిపోయావు కదమ్మా. వెళ్ళిపోయినదానికి మళ్ళీ బయటికెళ్ళే పాస్ ఎలా రాయను? రాస్తే నా ఉద్యోగం పోతుంది” అన్నాడు. సూపర్‌వైజర్ని అడిగితే, ఎనిమిదింటికి అందరితో పాటే గేటు తీస్తామన్నాడు. పిచిక మెట్లెక్కి వచ్చి గుడ్డల మూటల మీద పడుకుంది. మొదట్లో నవ్విందట కూడా. “నేను వెళ్ళిపోయానట అక్కా. మరి ఈ నొప్పెవరికి?” అందట. ఏడున్నరకి నవ్వడం మానేసింది. ఎనిమిదింటికి గేటు తీశాక, రోడ్డు మీద పడిందని చెప్పమని సూపర్‌వైజరే వాళ్ళకు నేర్పాడు.

ఒక్క గంట ముందు తెచ్చుంటే అని ఆస్పత్రిలో డాక్టరు సగంలో ఆపిన మాట కోడలు చెవులారా విన్నది.

“సాయంత్రం మేమే మీ ఇంటికొస్తాం,” అంది కాలరక్క. “ఆ పిల్ల మా కళ్ళ ముందే ఆరింటికి బయటికొచ్చిందనీ, ఒంట్లో బాగోక గేటు పక్క అరుగు మీదే రెండు గంటలు కూర్చుందనీ మీ అత్తకి చెప్తాం. ఆవిడ మనసు కుదుటపడుతుంది, మన నోటి దగ్గర కూడూ నిలుస్తుంది. పోయినదాన్ని ఎలాగూ తేలేం కదమ్మా.”

అబద్ధమే. కానీ ఎంత బుద్ధిగా, ఎంత ప్రేమగా అల్లారో! కోడలికి కాలరక్క మీద కోపం కూడా రాలేదు. తలూపింది. ఊపినందుకు తన మీద తనకే అసహ్యమేసింది.

రేపు విచారణ కదా, ఆ సాయంత్రం నిజంగానే ఆరింటికి వదిలేశారు. ఎవరి కార్డు వాళ్ళే కొట్టాలని సూపర్‌వైజరు గట్టిగా అరిచి మరీ చెప్పాడు. వరస మెల్లగా కదిలింది. కోడలి వంతు వచ్చేసరికి ఆరూ పదకొండయింది.

*

ఇంటికొచ్చేసరికి అత్తగారు చాప మీద నిటారుగా కూర్చుని ఉంది. ఒళ్ళో రేకు డబ్బా, చేతిలో జిరాక్సు కాగితం. పెయింటరు గోడకానుకుని కూర్చున్నాడు. పనిలోకి వెళ్ళినట్టు లేడు.

“కూర్చో,” అంది.

పొద్దుటి గొంతు కాదది. కోడలికి ఆ నెమ్మదితనం తిట్లకంటే ఎక్కువ భయమేసింది.

“వీడి చేత మొత్తం చదివించాను. ఒకసారి కాదు, నాలుగుసార్లు. మీ వరసలో ఎంతమందే?”

“పదకొండు మంది అత్తయ్యా.”

“పదకొండు మందికీ ఆరూ రెండే ఉంది. ఒక్కరికీ ఆరూ మూడు లేదు, ఆరూ ఒకటి లేదు.” ఆవిడ కాగితాన్ని వేళ్ళతో తడిమింది. “మా మిల్లులో ముప్పై మందిమి వరసలో నిలబడితే చివరిదానికి పదిహేను నిమిషాలు పట్టేది. కార్డు వెతుక్కోవాలి, దూర్చాలి, టక్కుమనేదాకా ఆగాలి, పక్కకి జరగాలి. ఎంత చురుకైన మనుషులైనా నిమిషానికి ముగ్గురు. మహా అయితే నలుగురు. పదకొండు మంది ఒక్క నిమిషంలో కొట్టలేరే.”

పక్కింట్లో ఎవరో గిన్నెలు తోముతున్నారు.

“ఒక్క చెయ్యయితే కొట్టగలదు,” అంది అత్తగారు. “ఆ చెయ్యి ఎవరిది?”

కోడలు తన కుడిచేతి వైపు చూసుకుంది. అది తన ఒళ్ళో తనది కానట్టు పడి ఉంది.

“నాదే అత్తయ్యా.”

“ఏమన్నావ్?” అంటూ పెయింటరు లేవబోయాడు.

“నువ్వు కూర్చోరా. దాన్ని చెప్పనీ.”

చెప్పింది. ఆనవాయితీ చెప్పింది. గేటు దగ్గర కాపలావాడన్నది చెప్పింది. గుడ్డల మూటలు చెప్పింది. పిచిక నవ్విన మాట దగ్గర ఆగి, మళ్ళీ మొదలుపెట్టి అదీ చెప్పింది. ఒక్కటి దాచలేదు.

అంతా విన్నాక అత్తగారి మొహంలో కోడలు ఊహించనిది కనపడింది. సంతోషం. ఒక్క క్షణమే.

“అయితే నా కూతురు మిషను దగ్గరే ఉందా?”

“మిషను దగ్గరే ఉందత్తయ్యా.”

“ఎక్కడికీ వెళ్ళలేదా?”

“ఎక్కడికీ వెళ్ళలేదు. వెళ్ళనివ్వలేదు.”

“విన్నావట్రా? అది పని చేసుకుంటోందిరా. నా బంగారుతల్లి పని చేసుకుంటోంది...”

అనేసి, అన్న మాట తనకే అందినట్టుంది, పిచిక పాత చెప్పుల్ని చేత్తో వెతికి పట్టుకుని ఒళ్ళోకి లాక్కుంది. తొమ్మిది రోజులుగా కళ్ళల్లోంచి చుక్క రాని మనిషి అప్పుడు ఏడ్చింది. గుండెలు బాదుకోలేదు. నోట్లో కొంగు కుక్కుకుని, వంగిపోయి, పిల్ల కడుపు నొప్పి తన కడుపులోకి వచ్చినట్టు ఏడ్చింది. పెయింటరు బయటి గుమ్మంలోకి వెళ్ళి గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

“చంపేశానత్తయ్యా. ఈ చేత్తోనే. నన్నేమన్నా అనండి,” అంది కోడలు.

చాలాసేపటికి అత్తగారు తలెత్తింది.

“ఆ రోజు నువ్వు ఆరింటికి ఎందుకొచ్చావు?”

కోడలు చాప అంచు గిల్లింది.

“నేను చెప్పనా? నా కళ్ళల్లో మందు వెయ్యడానికి. ముందు రోజే కదా ఇల్లెగిరిపోయేలా అరిచాను. నా కళ్ళు పోయినా మీకు పట్టదు, ఏడింటికల్లా చుక్కలు పడాలి, మీకు ఫ్యాక్టరీయే అమ్మా నాన్నా అని అరిచాను. ఆ రోజు మందు వేసే వంతెవరిది?”

“పోనివ్వండత్తయ్యా.”

“ఎవరిది?”

“పిచికది.” అంది కోడలు. “నా పీసులింకా మిగిలాయి, నువ్వెళ్ళు వదినా అంది. కార్డు తనే నా చేతిలో పెట్టింది. రెండు చుక్కలే వెయ్యి, మూడోది పడిందంటే అమ్మ నిన్ను ఉతికి ఆరేస్తుంది అని నవ్వింది.”



“అయితే ఆ కార్డు మీద నా చెయ్యి కూడా ఉన్నట్టే కదే,” అంది అత్తగారు. డబ్బా మూత తీసింది. పసుపుపచ్చగా మారిన పాత కార్డును బయటికి తీసి, మసక కళ్ళ దగ్గరగా పెట్టుకుంది. “మేస్త్రీ నోరు అబద్ధమాడుతోందని గడియారం తెచ్చుకున్నాం. దాని చేత కూడా అబద్ధమాడించారు. అదీ మన ఆడవాళ్ళ చేతుల్తోనే. ఆ తెలివి మా మేస్త్రీకి లేకపోయింది.”

కార్డును మళ్ళీ డబ్బాలో పెట్టింది. మూత మాత్రం వెయ్యలేదు.

“మందు సీసా తే.”

పిచిక పోయిన దగ్గర్నుంచీ ఆవిడ కళ్ళల్లో మందు వేయించుకోలేదు. ఎవరు చెప్పినా వినలేదు. కోడలు అలమారులోంచి సీసా తెచ్చింది.

“వెయ్యి. రేపు ఆఫీసరు మొహం నాకు కనపడాలి.”

“నేను చెప్తానత్తయ్యా రేపు. నా ఉద్యోగం పోతే పోనీ. కానీ నేను చెప్తే వాళ్ళు తొమ్మిది మందీ...”

“ముందు మందు వెయ్యి.”

కోడలు ఎడంచేత్తో కుడిచేతి మణికట్టు పట్టుకుని వేసింది. కుడి కంట్లో రెండు, ఎడమ కంట్లో రెండు. మూడోది పడలేదు. అత్తగారు కళ్ళు మూసుకుంది. మందు పడ్డాక ఐదు నిమిషాలు తెరవకూడదని డాక్టరు చెప్పాడు.

అప్పుడే గుమ్మం దగ్గర పెయింటరు దగ్గాడు. “వాళ్ళొచ్చారు,” అన్నాడు.

కాలరక్క ముందు, వెనక గుండీల పిన్ని, ఆ వెనక మిగతావాళ్ళు. చిన్న గది. నలుగురు లోపలికొస్తే మిగతావాళ్ళు గుమ్మంలోనూ బయటి మెట్టు మీదా నిలబడ్డారు. కాలరక్క దారి పొడవునా వల్లె వేసుకుంటూ వచ్చినట్టుంది, కూర్చోకుండానే మొదలుపెట్టింది.

“పెద్దమ్మా, మీరు బెంగ పెట్టుకోకండి. ఆ రోజు మీ అమ్మాయి మా కళ్ళ ముందే ఆరింటికి...”

“ఆరింటికి దాని కార్డు ఎవరి చేతిలో ఉందమ్మా?” అంది అత్తగారు, కళ్ళు తెరవకుండానే.

తొమ్మిది మందీ కోడలి వైపు చూశారు. ఆ చూపుల్లో తిట్లున్నాయి, బతిమాలడమూ ఉంది. ఏళ్ళ తరబడి ఆమె కార్డు కూడా వాళ్ళు కొట్టారు. ఆమె కడుపు నిలవక మంచాన పడ్డ రోజుల్లో ఆమె పీసులు వాళ్ళు పంచుకుని కుట్టారు.

“నా చేతిలో,” అంది కోడలు. “రేపు అక్కడ కూడా ఇదే చెప్తానక్కా. నన్ను క్షమించు.”

“ఎంత పని చేశావే!” అంది గుండీల పిన్ని. కోపంతో కాదు, నడుం విరిగిన మనిషిలా అంది.

అత్తగారు చెయ్యెత్తింది. అందరూ ఊరుకున్నారు.

“రేపు పదింటికి నేనూ నా కోడలూ వెళ్తున్నాం. ఒక్కతే చెప్తే దాన్ని దొంగంటారు. పది మంది చెప్తే దొంగెవరో ఆఫీసరే వెతుక్కోవాలి. మేం గేటు ముందు కూర్చున్నప్పుడు కూడా మా అందరికీ పొయ్యిలున్నాయమ్మా. కొన్ని ఆరిపోయాయి కూడా. కాదనను. అందుకని మిమ్మల్ని రమ్మని నేను అడగను.”

కోడలి వైపు తిరిగింది.

“ఇంకెన్ని నిమిషాలే?”

కోడలు గోడ గడియారం చూసింది. “మూడత్తయ్యా.”

“మూడు నిమిషాలు నేను కళ్ళు తెరవను. వెళ్ళేవాళ్ళు వెళ్ళొచ్చు. ఎవరు వెళ్ళారో నేను చూడను, తర్వాత అడగను. దీన్నీ చెప్పనివ్వను.”

ఎవరో ముక్కు చీదారు. ఒకరి గాజులు ఇంకొకరి గాజులకు తగిలిన చప్పుడయింది.

అత్తగారు ఒళ్ళో పిచిక చెప్పుల మీద రెండు చేతులూ ఆనించి అలాగే కూర్చుంది. కోడలు వాళ్ళ మొహాలను చూడలేకపోయింది. తనూ కళ్ళు మూసుకుంది.

గుమ్మం దగ్గర మొదటి చెప్పుల చప్పుడు వినపడింది. దాని వెనక ఇంకోటి.